దరియా పీర్ సమాధిలో కొక్కెం

దరియా పీర్ సమాధిలో పీర్ లేడు. ఎముక లేదు, కఫన్ గుడ్డ పోగు లేదు. మూడు రోజుల వానకు ఒక పక్కకు కుంగిన అరుగును సరిచేద్దామని తాపీమేస్త్రి కొండయ్య పునాది దాకా తవ్వితే మోకాలి లోతులో గడ్డపారకు ఖంగుమని తగిలింది ఒక ఇనుప కొక్కెం. ఓడల డాకులో కూలీలు బస్తాకు గుచ్చి లాగే చేతి కొక్కెం. చెక్క పిడికి రాగి తీగ చుట్టి ఉంది, తీగ పచ్చబడింది. కొండయ్య ఇంకో రెండడుగులు తవ్వాడు. నల్లమట్టి, నీటి ఊట, అంతే. పైకొచ్చి చేతులు దులుపుకొని, ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చున్న పాత డాకు కూలీ బైరాగితో, "మావా, ఇన్నాళ్లూ కొక్కేనికి దండమెట్టాం గావాల" అని నవ్వబోయి, మావ మొహం చూసి నవ్వు మింగేశాడు. కబురు అరగంటలో డాకు పక్క వాట్‌గంజ్ పేట అంతా పాకింది. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాగానే మొహల్లా పెద్దలు ఐదుగురు వస్తారు. ఇరవై నాలుగేళ్లు ఎవరి మీద చాదర్ కప్పావు, ఎవరి పేరు చెప్పి మా ఆడవాళ్ల చేత మొక్కు దారాలు కట్టించావు అని దర్గా చూసుకునే ముజావర్ నూరుద్దీన్ చాచాను నిలదీస్తారు. డెబ్భై ఎనిమిదేళ్ల ముసలాణ్ణి దర్గా వెనక గదిలోంచి చాపతో సహా బయట పెడతారు. అసర్ నమాజు ఇప్పుడే అయింది. మగ్రిబ్‌కు ఇంకా గంటకు పైనే ఉంది. ఆ కొక్కెం ఎవరు పూడ్చారో ఈ లోకంలో తెలిసిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ టీ చల్లారబెట్టుకొని బల్ల మీద కూర్చున్నాడు.

టీ మీద మీగడ కట్టింది. వేలితో తీసి బల్లకు రాశాడు. ముజావర్ చాచా దర్గా గుమ్మంలో కూర్చున్నాడు, కొక్కేన్ని పక్కన పెట్టుకొని, సమాధి మీది పచ్చ చాదర్ దాని మీద కప్పి. తవ్విన గోతిని వదిలేసి కొక్కేన్ని ఎందుకు కప్పాడు? ఎవరో చలికి వణుకుతున్నట్టు అంచులు కూడా లోపలికి దోపాడు. పూసల మాల వేళ్ల మధ్య నడుస్తోంది, పెదాలు కదులుతున్నాయి, కళ్లు మూసే ఉన్నాయి. ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది. అడిగితే బైరాగి అబద్ధం చెప్పేవాడు, అలవాటే కదా, చెప్పేసి ఇంటికెళ్లి పడుకునేవాడు. గురువారం. జైనాబీ వస్తుంది. అగరొత్తులు, బతాసాలు, ఒక ఎర్ర దారం. ఇరవై నాలుగేళ్ల గురువారాల్లో ఆమె రానిది రెండు సార్లో మూడు సార్లో, ఒళ్లు కాలిపోయే జ్వరంలో. ఖిదిర్‌పూర్ వంతెన దాటి వస్తుంది. వచ్చి చాదర్ ఎత్తితే చాలు. రాగి తీగ చుట్టింది ఆమే. చివర గుచ్చుకోకుండా పొత్రంతో చితక్కొట్టి లోపలికి మడిచింది ఆమే. లోకంలో ఎవరి చేతి పని వాళ్లు గుర్తుపట్టరా.

అప్పుడు గంట మోగింది. వంతెన ఎత్తబోతున్నారు. ఓడేదో లోపలి డాకుకు వెళ్తోంది కాబోలు, బస్సులు ఆగిపోయాయి, రిక్షావాళ్లు బెంగాలీలో తిట్టుకుంటున్నారు. వంతెన మధ్యలో విరిగి రెండు చేతుల్లా పైకి లేచింది. అవతల గుంపులో ఒక తెల్ల దుపట్టా. ఆమేనా? ఇంత దూరం నుంచి తెలియదు, కానీ ఆమే, ఆ నిలబడే తీరు ఆమెదే, ఒక కాలి మీద బరువు వేసి. దేవుడు వంతెన ఎత్తాడు, బైరాగి కోసం కాసేపు ఎత్తాడు. ఇటొకరు, అటొకరు, మధ్యలో నీళ్లు. దీనికి చాచా ఒక మాట చెప్పాడు ఎప్పుడో. బర్జఖ్. చచ్చిపోయినవాళ్లు తీర్పు రోజు వచ్చేదాకా ఉండే చోటు, ఇక్కడా కాదు అక్కడా కాదు, నడుమ ఒక తెర అన్నాడు. బైరాగికి అర్థం కాలేదు. చాచా మళ్లీ, నదిలో లంగరేసుకొని లాక్‌గేటు తెరిచేదాకా ఎదురుచూసే ఓడలున్నాయే, ప్రయాణం అయిపోయింది, సరుకు దిగలేదు, లోపల ఏముందో ఇంకా ఎవరూ విప్పలేదు, అలాంటిది అన్నాడు. డాకు మనిషికి డాకు భాషలోనే చెప్పేవాడు. ఆయన హిందీలో చెప్పినవన్నీ బైరాగి లోపలికి పోయి తెలుగై నిలిచాయి. నఫ్స్ అంటే లోపలి కోరిక, బ్రేకు లేని వించి, బరువు ఎత్తడమే తెలుసు, ఎవరి నెత్తిన దించుతుందో తెలియదు. జిక్ర్ అంటే పేరు తలవడం, తలిచి తలిచి, నోరు ఊరుకున్నా ఊపిరి తలుస్తూ ఉండడం. ఫనా అంటే? ఉప్పు బస్తా వానలో తడిసింది చూశావా, సంచి అలాగే ఉంటుంది, లోపల ఉప్పు ఉండదు. పోయిందా? పోలేదు, నీళ్లంతా ఉప్పే. నేను అనేవాడు అలా కరిగిపోవడం. మదార్ కూడా నీళ్లలోనే. ఛ, ఆ మాట ఎందుకొచ్చింది ఇప్పుడు.

మదార్. కళింగపట్నం నుంచి వచ్చినవాడు, తెల్లటి పళ్లు, పొట్టి, బస్తాల మీద పిల్లిలా నడిచేవాడు. సముద్రం ఒడ్డున పుట్టి నీళ్లంటే భయం. గ్యాంగులో అందరూ దీనికే ఏడిపించేవారు, స్నానం చెయ్యాలన్నా ఇమాంగారి అనుమతి కావాలటరా అని. వాడూ నవ్వేవాడు. బైరాగీ వాడూ ఒకే గ్యాంగు, ఒకే వాడ మాట, ఒకే బీడీ కట్ట. పెళ్లయిన మూడో నెల మదార్ భార్య జైనాబీ వచ్చింది, ఇరవై రెండేళ్ల పిల్ల, రైలు దిగినప్పుడు చేతిలో పెళ్లినాటి తట్ట. ఆ సాయంత్రం బైరాగి భార్య జగ్గమ్మ వాళ్లిద్దరికీ చేపల పులుసు పెట్టింది. తిన్నాక జైనాబీ మదార్ కొక్కేన్ని ఒళ్లో పెట్టుకొని, అరచెయ్యి బొబ్బలెక్కుతోందని, పిడికి రాగి తీగ చుడుతూ, తలెత్తకుండా అంది. "బైరాగన్నా, ఈణ్ణి నీకు అమానత్ ఇస్తన్నాను. ఒప్పసెప్పేది నువ్వే." అమానత్ అంటే ఏటి అన్నాడు బైరాగి. మదార్ పళ్లు బయటపెట్టి, "నాను నీ సొమ్ము కాదురా, దాసిపెట్టమని నీ కాడుంచిన ఆవిడ సొమ్ము" అన్నాడు. జగ్గమ్మ పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. తర్వాత చాచా దగ్గర ఆ మాట మళ్లీ విన్నాడు, ఒకటి కాదు, వంద సార్లు. కొండలు కూడా మొయ్యలేమని వెనక్కి తగ్గిన బరువట, మనిషి మాత్రం తెలివితక్కువగా ముందుకొచ్చి ఎత్తుకున్నాడట. ఎత్తుకున్నాడు. పులుసు తిన్న చేత్తో.

ఓడ ముక్కు కనబడింది, తుప్పు రంగు, నిదానంగా. ఇంత నిదానంగా పోతే చీకటి పడుతుంది. పోనీ, పడనీ. నది అవతల షాలిమార్‌లో ఆ రోజు కూడా ఇలాగే వెలుతురు, వాన వెలిసిన పసుపు వెలుతురు. డెబ్భై తొమ్మిదో సంవత్సరం, ఇదే భాద్రపదం. గూడ్సు యార్డులో వ్యాగన్ల పని తొందరగా అయిపోయింది. నది దాటితే ఇల్లు. రేవులో పడవవాళ్లంతా పడవలు నడి నీళ్లలోకి తోసుకొని కూర్చున్నారు, బాన్ వస్తోంది దాదా, ఒక గంట ఆగండి అన్నారు. బాన్ అంటే సముద్రం నదిలోకి ఎదురెక్కే కెరటం, గోడలా వస్తుంది. మదార్ ఆగుదామన్నాడు. ఆగుదామురా, తవక్కుల్ అని ఊరకే అనకూడదు, చెయ్యాల్సింది చేసి ఆ పైన దేవుడి మీద వెయ్యాలి అన్నాడు. బైరాగి ఏమన్నాడు? నువ్వు నమాజు చదువుకో, నేను పడవ నడుపుతాను అన్నాడు. సముద్రం చూసినోణ్ణి, ఈ కాలవొక లెక్కేటి అన్నాడు. ఒడ్డున ఎవరిదో చిన్న డింగీ పడవ ఉంటే తాడు విప్పాడు. సముద్రంలో పుట్టినవాడు కెరటానికి ఎదురెళ్తాడు, తల ఎత్తి దాటేస్తాడు. ఇక్కడ ఒడ్డుంది, మలుపుంది, కెరటం ఒడ్డుకు కొట్టుకొని పక్క నుంచి కూడా వస్తుంది. అది తెలియలేదు. తెలియని సంగతి తెలియలేదు. మదార్ కొక్కేన్ని మొలలో దోపుకొని, రెండు చేతులతో పడవ అంచులు పట్టుకొని, ఏదో చదువుతున్నాడు. మొదటి దెబ్బకు పడవ లేచింది, రెండో దెబ్బ పక్క నుంచి, మదార్ నీళ్లలో, మొలలోంచి కొక్కెం తీసి పడవకు తగిలించబోయాడు, బైరాగి పిడి అందుకున్నాడు. మదార్ ఇనుము పట్టుకున్నాడు. ఇటు పిడి, అటు ఇనుము. పడవ ఆ పక్కకు వంగింది. చెయ్యి జారింది.

చెయ్యి జారింది. ఇక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ ఇంతే, బొమ్మ ఆగిపోతుంది, సినిమా హాల్లో కరెంటు పోయినట్టు. ఆ రోజుల్లో కరెంటు ఎంత పోయేది. దీపం వెలుగులోనే జైనాబీ అడిగింది, ఆయనేడీ అని. బైరాగి తడి బట్టలతో గుమ్మంలో నిలబడ్డాడు. మదార్ నీళ్ల భయం పక్కనబెట్టి చాలా రోజులుగా ఒక ఓడ సరంగుతో మాట్లాడుతున్నాడు, ఓడ మీద పని దొరికితే బస్రా పోతానని. ఆ మాట వెతక్కుండానే నాలిక మీదికి వచ్చింది. కొక్కెంతోటే ఓడెక్కీసినాడు చెల్లమ్మా, ఉన్నపళంగా రమ్మన్నారంట, నానే దిగబెట్టొచ్చాను, ఉత్తరం రాస్తానన్నాడు. ఎంత సులువుగా వచ్చిందో. ఆమె మొహం వెలిగింది. నాకు సెప్పకండానేనా అని అలిగింది కూడా. ఆ అలకే, ఆ ఒక్క అలకే ఇప్పటికీ నిద్రలో కనబడుతుంది. మర్నాడు నిజం చెబుదామనుకున్నాడు. మర్నాడు ఆమె ఉత్తరం వస్తే చదివిపెట్టడానికి మనిషిని కూడా మాట్లాడుకుంది.

బైరాగి వాడలో, సముద్రంలో పోయినవాడి శవం దొరక్కపోతే, వాడు వాడిన వస్తువేదైనా మట్టిలో పెట్టి మూడోనాడు పసుపు నీళ్లు పోస్తారు. లేకపోతే వాడికి ఇల్లు దొరకదంటారు. శవం దొరకలేదు, బాన్ ఎంత వేగంగా ఎక్కిందో అంత వేగంగా సముద్రానికి దిగిపోయింది. కొక్కెం మిగిలింది. డాకు గోడ వారన మనుషులు తిరగని చోట పూడ్చాడు. మదార్ తురకోడు కదా, వాళ్ల పద్ధతిలో ఉండాలని తల ఉత్తరానికి వచ్చేలా పొడుగ్గా మట్టి దిబ్బ చేశాడు. పసుపు నీళ్లు మాత్రం తన పద్ధతిలో పోశాడు, అది మానలేకపోయాడు. వాన పడితే దిబ్బ కరిగిపోతుందని, సరుకు మీద కప్పే పచ్చ టార్పాలిన్ చిరుగు ఒకటి తెచ్చి కప్పి నాలుగు ఇటుకలు పెట్టాడు. అంతే చేశాడు. పచ్చగుడ్డ, ఉత్తర దక్షిణాలు, అగరొత్తి పుల్ల. వారం తిరక్కుండా అక్కడ ఒక ఫకీరు కూర్చొని ఉన్నాడు, అప్పటికి గడ్డం ఇంకా నల్లగానే ఉన్న నూరుద్దీన్. నదిలోంచి ఒక మనిషి వచ్చి, నా దగ్గర ఎవరూ లేరు, కాస్త కూర్చో అని కలలో అడిగాడట. అప్పుడే చెప్పి ఉంటే పోయేది. చాచా, అది నా స్నేహితుడి కొక్కెం అంటే పోయేది. బైరాగి ఇంకో ఇటుక పెట్టాడు. డాకువాళ్లు దండం పెట్టసాగారు, తెలుగువాళ్లు పసుపు కుంకుమతో, బీహారీలు పూలతో. దరియా పీర్ అని పేరు పెట్టారు. ఏటా భాద్రపదంలో ఉర్స్. ఉర్స్ అంటే పెళ్లి అని చాచా చెప్పిన రోజు బైరాగి అన్నం తినలేదు. వలీ, అంటే దేవుడికి దగ్గరైన మహాత్ముడు, చనిపోయిన రోజు ఆయనకు దేవుడితో పెళ్లట, అందుకే ఏడవరు, గంధం పూస్తారు. మదార్‌కు రెండో పెళ్లి చేస్తున్నారు ఊరంతా కలిసి, మొదటి పెళ్లాం ఆ పందిట్లోనే నిలబడి, నా మొగుణ్ణి ఇంటికి పంపు బాబా అని దారం కడుతోంది. ఎవరి సమాధికి ఎవరి కోసం మొక్కుతోందో చూస్తూ బైరాగి అందరికీ షర్బత్ పంచాడు.

ఓడ సగం దాటింది. తెల్ల దుపట్టా కనబడటం లేదు, ఓడ అడ్డం. పెళ్లి. అవును, ఆమెకొక సంబంధం వచ్చింది, ఎనభై ఆరులోనో ఏడులోనో, మటియాబుర్జ్‌లో దర్జీ, భార్య చనిపోయినవాడు, మంచివాడు. మొగుడి జాడ లేకుండా అన్నేళ్లు గడిస్తే పోయినట్టే లెక్క కట్టవచ్చు, ఆపైన ఇద్దత్ అని నాలుగు నెలల పది రోజులు గడిపి పెళ్లి చేసుకోవచ్చు అని పెద్దలే అన్నారు. ఆమె బైరాగిని పిలిపించింది. నువ్వు కళ్లారా సూసినావు గదా అన్నా, ఓడెక్కినాడు గదా అని అందరి ముందూ అడిగింది. చూశానన్నాడు. దర్జీ లేచి, సలాం చేసి వెళ్లిపోయాడు. సబ్ర్ చేస్తానంది ఆమె. ఓర్పు అన్న మాట ఎంత చిన్నదో దానికి, సబ్ర్ అంటే ఓర్పు కాదు, ఎవరో కట్టేసిన చోట, కట్టేసినవాణ్ణే అన్నా అని పిలుస్తూ నిలబడటం. ఇప్పుడు కళ్ల చుట్టూ ముడతలు. నలభై ఆరు. బైరాగి కూతుళ్లు ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి, మనవడికి పలక కొన్నాడు. ఆమె ఇంట్లో గోడకు బస్రా నుంచి వచ్చే ఉత్తరాల కోసం ఒక తీగ, ఖాళీ తీగ.

చాచాను అడిగాడు ఒకసారి. తనని కాదన్నట్టు, ఎవరో ఒకతను అని. అతను గంగలో మునిగాడు, అన్నదానం చేశాడు, ఇరవై ఏళ్లుగా దర్గా ఊడుస్తున్నాడు, తప్పు పోతుందా అని. తౌబా అంటే వెనక్కి తిరగడం అన్నాడు చాచా. తప్పులు రెండు రకాలు భాయ్, దేవుడికి చేసినవి ఆయన క్షమిస్తాడు, ఆయనకేం, సముద్రమంత వాడు. మనిషికి చేసింది మాత్రం ఆ మనిషే క్షమించాలి, అందులో ఆయన కూడా చెయ్యి పెట్టడు, దాన్ని బందా హక్ అంటారు అన్నాడు. తర్వాత ఎందుకో, అడక్కుండానే ఇంకో మాట అన్నాడు. దూరదేశంలో భర్త పోయిన కబురు ఆలస్యంగా తెలిస్తే, ఇద్దత్ కబురు అందిన రోజు నుంచి కాదు, మనిషి పోయిన రోజు నుంచే లెక్క. ఎందుకన్నాడు ఆ మాట? ఆ రోజు బైరాగి చీపురు పట్టుకొని ఉన్నాడు, వినలేదన్నట్టు ఊడ్చాడు. ఇప్పుడు బల్ల మీద గుర్తొచ్చింది. మొదటి వారం, పసుపు నీళ్ల చెంబుతో వచ్చినప్పుడు దూరంగా చెట్టు కింద కూర్చున్న ఫకీరు. కల. నదిలోంచి మనిషి. ముసలాడికి తెలుసు. మొదటి నుంచీ తెలుసు. ఇతరుల తప్పు మీద చాదర్ కప్పడం దేవుడి గుణమని చెప్పే మనిషి, ఇవాళ కొక్కేన్ని కప్పాడు. మగ్రిబ్ తర్వాత పెద్దలు దొంగ అంటే తల వంచుకుంటాడు, అవునంటాడు. అనేస్తాడు. లోకం పెట్టే నిందను పూలదండలా వేసుకొని తిరిగిన వలీలు ఉండేవారని ఆయనే చెప్పాడు, వాళ్ల కథలు చెప్పేటప్పుడు ఆయన కళ్లలో అదొక ఆశ.

వంతెన దిగింది. గంట మళ్లీ మోగింది, బస్సులు ఒక్కసారి అరిచాయి. బైరాగి లేచాడు. రోడ్డు దాటడానికి ఇరవై అడుగులు, ఒక్కో అడుగులో నీళ్లు, షాలిమార్ నీళ్లు, బూడిద రంగు. పెద్దలు ముందే వచ్చేశారు, మగ్రిబ్ దాకా ఆగలేకపోయారు, ఐదుగురూ గోతి చుట్టూ నిలబడి ముక్కుకు రుమాళ్లు పెట్టుకున్నారు, అక్కడేదో కుళ్లుతున్నట్టు. వాళ్లలో ఒకాయన ముజావర్‌ను అడుగుతున్నాడు, ఇది నువ్వు పెట్టిందేనా అని. చాచా కళ్లు తెరిచి, పెద్దల్ని కాదు, వాళ్ల భుజాల మీదుగా బైరాగిని చూశాడు. ఏ బలవంతమూ లేని చూపు. తర్వాత నోరు తెరవబోయాడు.

"సాచా, ఆగు" అన్నాడు బైరాగి.

జైనాబీ అప్పుడే వచ్చింది, బతాసాల పొట్లంతో. ఏటయ్యింది బైరాగన్నా, ఇంతమంది ఏటి అంది. బైరాగి వంగి చాదర్ అంచు పట్టుకొని తీశాడు. ఆమె కాసేపు చూసింది. పొట్లం కింద పెట్టింది, జాగ్రత్తగా, చీమలు పట్టకుండా అరుగు మీద. కూర్చుంది. పిడి మీద బొటనవేలు పెట్టి తీగ చుట్ల మీదుగా నడిపింది, చివరికి, చితికిన చోటికి. అక్కడ వేలు ఆగింది.

"ఇది ఆయనతో ఓడెక్కినాదన్నావు" అంది. గొంతు మామూలుగానే ఉంది.

బైరాగి ఆమె ఎదురుగా మట్టిలో కూలబడ్డాడు. చుట్టూ ఎవరున్నారో కనబడలేదు. నోట్లో ఇరవై నాలుగేళ్లుగా నానిన మాట కదిలింది.

"ఆడు ఏ ఓడా ఎక్కనేదు జైనాబమ్మా. ఆ పొద్దే పోయినాడు. నదిలో. పడవోలు ఒద్దన్నారు, ఆడూ ఒద్దన్నాడు, నానే దింపినాను. ఈ దిబ్బ ఆడిదే. సాచాది ఏ తప్పూ నేదు, ఈ కొక్కెం ఎట్టింది నాను. నువ్వు మొక్కినదంతా ఆడికే సేరినాది, నీకు మాత్రం సేరనేదు, మద్దిలో నాను కూకున్నాను. నీ ఇద్దత్ ఎప్పుడో అయిపోనాది. దర్జీ వొచ్చిన్నాటికే అయిపోనాది. నాను నిన్ను ఊరకే కట్టీసి ఉంచినాను. అమానత్ అన్నావు గదా, ఒప్పసెప్తన్నాను ఇను. ఆడు కొక్కెం ఇనుము పట్టుకున్నాడు, నాను పిడి పట్టుకున్నాను, నీ తీగ నా సేతిలో ఉంది. పడవ ఒరిగిపోతంది. ఆడు నా మొకంకేసి సూస్తన్నాడు. ఇన్నేళ్లూ నా మనసుకి నానే సెప్పుకున్నాను, సెయ్యి జారిపోనాదని. జారనేదమ్మా. నానే ఇదిలించీసినాను."